ప్రార్థన మనవి

టైలరు షాపు నుంచి,
శనివారం సాయంత్రం.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి, ఫోన్ చేసుకోవచ్చు కదా అని మా ఆయన సణుగుతూనే ఉన్నాడు. ఫోన్లో నేను చెప్పింది నీ చెవికెక్కేలోగా మా వీధి వీధంతా వింటుంది. అందుకే ఉత్తరాలే నయమన్నాను.

మా చర్చి సంఘం వాళ్ళు కొత్త పని నెత్తికెత్తుకున్నారు. బస్టాండు వెనక పాత గోడౌన్లో ఒక సంస్థ ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి షెల్టరు నడుపుతోంది. శనివారం శనివారం మాలో కొందరం అక్కడికి వెళ్ళి సాయం చేయాలి. కొత్త బట్టలు పంచుదామని పాస్టరుగారు సరదాపడ్డారు. షెల్టరు మేనేజరమ్మ ఒప్పుకోలేదు. "కొత్తవి ఇస్తే తెల్లారేసరికి ఎవడో ఒకడు లాక్కుపోతాడు. ఉన్నవి కుట్టిపెట్టండి, అది చాలు" అంది. సంఘం మొత్తానికి టైలర్ని నేనొక్కదాన్నే కాబట్టి మిషను మోసుకుపోయే భాగ్యం నాకు దక్కింది.

మొదటి వారం షాపు పద్ధతే పెట్టాను. బట్టకి చీటీ కట్టడం, బుధవారం వచ్చి తీసుకెళ్ళమనడం. ఒక్కరంటే ఒక్కరు ఇవ్వలేదు. పాస్టరమ్మా నేనూ మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. చివరికి మేనేజరమ్మే వచ్చి, "ఉన్నది ఒక చొక్కా. అది మీ చేతికిచ్చి బుధవారం దాకా ఏం తొడుక్కోమంటారు?" అని అడిగింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇప్పుడు పద్ధతి మార్చాం. మనిషికో దుప్పటి ఇస్తాం. కప్పుకుని బెంచీ మీద కూర్చుంటారు, కుట్టడం అవగానే తొడుక్కుని పోతారు. ఒకాయన మాత్రం దుప్పటి కూడా వద్దన్నాడు. కోటు తాత అంటారు అందరూ. కోటు విప్పడట, ఒంటి మీదే కుట్టాలట. "సూది గుచ్చుకుంటే నా పూచీ లేదు" అన్నాను. "అరుస్తాలే, అప్పుడు ఆపు" అన్నాడు. నిలబెట్టే జేబు కుట్టాను.

ఇంకో సంగతి. అక్కడ ఎవరినీ పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పినా ఆ మాట గుమ్మం దాటకూడదు. "మీ చర్చివాళ్ళకి ఒకటికి రెండుసార్లు చెబుతున్నాను" అంది మేనేజరమ్మ. మనమేదో ఊరంతా చాటింపు వేసేవాళ్ళమైనట్టు. నాకు కొంచెం చివుక్కుమంది.

బావ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ చెల్లెలు


ఇంటి నుంచి,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

చిట్టీ,

ప్రభువు నిన్నూ మరిదినీ చల్లగా చూడాలి. నీ ఉత్తరం మీ బావకి ఒకసారి, గురువారం మా స్త్రీల కూడికలో ఒకసారి చదివి వినిపించాను. కోటు తాత దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే నవ్వు. నీ చేతిపనిని దేవుడు అక్కడ వాడుకుంటున్నాడని మా కార్యదర్శి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ దేనికైనా పెట్టుకుంటుందనుకో.

మీ బావ మోకాళ్ళు మునుపటిలాగే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు మూలుగుతాడు, క్వాయర్లో నిలబడేటప్పుడు మాత్రం ఏ నొప్పీ ఉండదు.

మా క్వాయర్ మాస్టారి సంగతి నీకు ఇదివరకే రాశాను కదా. భార్య చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ మనిషి ఎలా చిక్కిపోయాడో చూడలేం. అయినా ఒక్క ఆదివారం మానలేదు. ఆయన పాడుతుంటే కళ్ళు మూసుకుని అలా వినాలనిపిస్తుంది. మేమంతా వంతులు వేసుకుని క్యారియరు పంపుతున్నాం. మంగళవారం నా వంతు. ఆ భార్య నాకు పెద్దగా తెలియదు. నోట్లో నాలుక లేనట్టుండేది. అంత మంచి భర్తని వదిలిపోవడానికి ఏం పోయేకాలమో అనుకుంటాం. తప్పే, ఒకరిని తీర్పు తీర్చకూడదు. కానీ అనుకుంటాం.

వివరంగా రాస్తూ ఉండు. ఈ ముసలితనంలో నాకు అంతకన్నా కాలక్షేపం లేదు.

అక్క


టైలరు షాపు నుంచి,
సోమవారం.

అక్కకు,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం కూడికలో చదవకు.

షెల్టరుకి ఒకావిడ కొత్తగా వచ్చింది. మొదట జాకెట్టు చంక చిరిగిందని వచ్చి, గోడవైపు తిరిగి కూర్చుంది. తరవాతి వారం నేను వెళ్ళేసరికి ఎక్కడో మూలన పడేసిన ఇస్త్రీపెట్టె తుడుచుకుని, బల్ల మీద దుప్పటి మడతపెట్టి పరిచి సిద్ధంగా ఉంది. నేను కుట్టిందల్లా ఆవిడ ఇస్త్రీ చేసి ఇస్తోంది. ఎవరూ చెప్పలేదు. చిరిగిన చొక్కాకి ఇస్త్రీ ఎందుకమ్మా అని పాస్టరమ్మ అడిగితే, "వేడిగా తొడుక్కుంటే బాగుంటుంది" అంది. నిజమే, చలిలో ఆ వెచ్చని చొక్కా కోసమే వరుస కడుతున్నారిప్పుడు. నా కుట్టు ఎవరికీ అక్కర్లేదు.

కోటు తాత ఆవిడకి కోటు విప్పి ఇచ్చాడు. నమ్ముతావా? ఆవిడ మడతపెట్టి తిరిగి ఇచ్చేదాకా బల్ల పక్కనే నిలబడ్డాడు గాని, విప్పాడు.

మాట వింటే మీ వైపు మనిషే అనిపిస్తుంది. పొడుగ్గా ఉంటుంది. ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగిపోయి ఉంటుంది, చాపలేదు. ఒకసారి మాత్రం, తను క్వాయర్ అంగీలు ఇస్త్రీ చేసేదాన్నని అంది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, నేను అడగలేదు.

నా షాపులో ఇస్త్రీకి మనిషి లేక నేను పడే పాట్లు నీకు తెలుసు. వెనక గది ఖాళీగానే ఉంది. మంచం వేస్తే పడుతుంది, కిటికీ కూడా ఉంది. మేనేజరమ్మని అడిగితే, "నన్నెందుకు అడుగుతావు, ఆవిడని అడుగు" అంది. ఆవిడని అడిగాను. "గదికి లోపల గడియ ఉందా?" అని అడిగింది. లేదు, పెట్టిస్తానన్నాను. "అయితే వస్తాను, వచ్చే శనివారం" అంది.

ఇవాళ వడ్రంగిని పిలిచి గడియ పెట్టించాను. మా ఆయన గది గోడలకి సున్నం వేస్తున్నాడు. ఎందుకో తెలీదు గాని మనసు చాలా హాయిగా ఉందక్కా.

నీ చెల్లెలు


ఇంటి నుంచి,
గురువారం, కూడిక నుంచి ఇప్పుడే వచ్చాను.

చిట్టీ,

ముసుగైనా తీయకుండా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. దేవుడు ఎంత గొప్పవాడో చూడు.

నువ్వు చదవొద్దన్నావు, చదవలేదు. ఉత్తరం సంచిలోంచి బయటికే తీయలేదు. కానీ ప్రార్థన మనవులు చెప్పే వేళకి నా వంతు వచ్చింది. అక్కడెక్కడో దిక్కులేకుండా ఉన్న ఒక సోదరి గురించి ప్రార్థించమని అడగకుండా ఎలా ఉంటాను? పొడుగు మనిషి, చిటికెన వేలు వంకర, క్వాయర్ అంగీలు ఇస్త్రీ చేసేదట, మా చెల్లెలి దగ్గర పనికి చేరబోతోంది, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను. అంతే, కీబోర్డు ఆగిపోయింది. మా కూడికలో పాటలకి వాయించేది క్వాయర్ మాస్టారే కదా. తల అలా కీబోర్డు మీద వాల్చేశాడు. "నా భార్యే" అన్నాడు. ఇంక చూడు, గదిలో ఏడవని మనిషి లేదు. నాకెందుకు తట్టలేదో అంతవరకూ. చర్చిలో ఆ అంగీలన్నీ ఇస్త్రీ చేసింది ఆవిడే కదా.

మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాం. ఆయన నా చేతులు పట్టుకుని మీ చెల్లెమ్మ చిరునామా ఇవ్వండమ్మా అన్నాడు. కవరు మీద ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. శనివారానికి మీ ఊళ్ళో ఉంటాడు. నీ చేతుల మీదుగా ఒక కాపురం నిలబడుతోంది. ఆయన్ని మర్యాదగా చూసుకోమని మరిదికి చెప్పు.

రేపు పొద్దున్నే పోస్టులో వేస్తాను. ఆయన కంటే ముందే నీకు అందితే బాగుండును.

అక్క


టైలరు షాపు నుంచి,
ఆదివారం.

అక్కకు,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. మనిషే వచ్చాడు.

నిన్న ముందు షాపుకి వచ్చాడట. మీ అక్కగారు పంపారు అనగానే మా ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, షెల్టరుకి దారి చూపించాడు. తెల్లని చొక్కా, చేతిలో పండ్ల సంచి. గుమ్మంలో నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు. ఎంత మెత్తని గొంతని.

ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. తలెత్తి చూసింది. అరవలేదు, ఏడవలేదు. ఇస్త్రీపెట్టెని బట్ట మీదే వదిలేసి, వంటగది గుండా వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పులు బల్ల కిందే ఉన్నాయి, సాయంత్రం నా షాపుకి తెచ్చుకోవడానికి సర్దుకున్న సంచి కూడా అక్కడే ఉంది. బట్ట కాలి పొగ వచ్చేదాకా నాకు ఏం జరిగిందో తెలియలేదు.

అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరు అంది మేనేజరమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. ఆయన నవ్వి, "మీ టైలరమ్మగారి అక్కగారే చెప్పారండి" అన్నాడు. అందరూ నావైపు చూశారు. ఎప్పుడూ ఎవరినీ పట్టించుకోని కోటు తాత కూడా చూశాడు.

ఆయన వెళ్ళాక వంటమనిషి నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ ఒక్క వంటమనిషితోనే మాట్లాడేదట. వేలు ఎలా వంగిపోయిందో తెలుసా? తలుపు సందులో పెట్టి తలుపు వేశాడట. కావాలనే, నెమ్మదిగా. గదికి లోపల గడియ ఉందా అని నన్ను ఎందుకు అడిగిందో నాకప్పుడు అర్థమైంది.

మా సంఘాన్ని ఇంక రావద్దంది మేనేజరమ్మ. నిన్న సాయంత్రమే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. ఇక్కడ చెప్పింది బయటికి పోతోందని తెలిశాక ఎందుకుంటారు?

ఎలా తెలిసింది ఆయనకి? చదవొద్దని రాశాను కదా. చదివావా?

నీ చెల్లెలు


ఇంటి నుంచి,
బుధవారం.

చిట్టీ,

చదవలేదు. ఎలా జరిగిందో నా ముందు ఉత్తరంలో రాశాను, ఈపాటికి అంది ఉంటుంది.

నీ కోపం అర్థమైంది. కానీ ఒక వంటమనిషి చెప్పిన మాట పట్టుకుని దైవభక్తి ఉన్న మనిషిని అంత మాట అంటావా? భార్యాభర్తలన్నాక సవాలక్ష ఉంటాయి. ఆయన తిరిగి వచ్చి ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాడు. అక్కడ జరిగినదానికి ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను చేసింది ప్రార్థన. ప్రార్థన చేస్తే తప్పయిపోతుందా?

నన్ను మరీ కోర్టులో నిలబెట్టినట్టు ప్రశ్నలు వేశావు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని.

అక్క


టైలరు షాపు నుంచి.

అక్కకు,

నువ్వు చేసింది ప్రార్థనే. నేను రాసిందీ ప్రేమతోనే. ఆవిడ మాత్రం చెప్పులు లేకుండా రోడ్డున పడింది.

గుమ్మం దాటకూడదన్న మాటని ముందు దాటించింది నేను. కాబట్టి నిన్నొక్కదాన్నే అనను. కొన్నాళ్ళు రాయను. ఏం రాసినా అది ఎవరికి చేరుతుందో అని భయంగా ఉంది.

నీ చెల్లెలు


ఇంటి నుంచి,
శుక్రవారం.

చిట్టీ,

నువ్వు రాయనన్నావు. నేను రాస్తాను. సమాధానం ఇవ్వకపోయినా ఫరవాలేదు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన ఒక్కడికే. అంతా విని, "ఆ అమ్మాయి కీబోర్డు వాయించేది, నీకు గుర్తులేదా?" అన్నాడు. నాకు గుర్తులేదు, అప్పట్లో నేను ఆదివారం బడి పిల్లలతో వెనక గదిలో ఉండేదాన్ని. మీ బావ క్వాయర్లోనే కదా ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో క్వాయర్‌కి ఆవిడే వాయించేదట. రెండు చేతులా, ఎంత హాయిగా వాయించేదో అని చెప్పాడు. తరవాత ఆవిడకి ఆసక్తి పోయిందని మాస్టారే ఆ కుర్చీలో కూర్చున్నాడట. అందరూ అయ్యో అనుకుని ఊరుకున్నారట.

నాకు నిద్ర పట్టలేదు. మంగళవారం నా వంతు కాబట్టి క్యారియరు నేనే తీసుకెళ్ళాను. మాటల్లో మాటగా, "మీ ఆవిడ వేలికి ఏమైంది మాస్టారూ?" అని అడిగాను. "పుట్టుకతోనే అంతమ్మా" అన్నాడు. కన్ను కూడా అదరలేదు. అదే గొంతు, ఆదివారం పాడే గొంతు. ఇంతకాలం నేను ఆ చేతికి అన్నం అందించానా అనుకున్నాను.

తరవాత ఆయనే అడిగాడు, మీ చెల్లెమ్మ దగ్గర్నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా అని. వచ్చింది మాస్టారూ అన్నాను. ఆవిడ ఆ ఊళ్ళో లేదట, ఓడరేవు వైపు వెళ్ళే బస్సెక్కడం ఎవరో చూశారట, అక్కడ చేపల కంపెనీలో చేరిందట అన్నాను. నోటికి ఎలా వచ్చిందో అలా చెప్పాను. నేను అబద్ధం చెబితే నా చెవులు ఎర్రబడతాయని మీ బావ ఎగతాళి చేస్తాడు కదా. ముసుగు చెవుల మీదుగా లాక్కుని మరీ చెప్పాను. మర్నాడే ఆయన ఓడరేవుకి వెళ్ళాడు. దేవుడి దగ్గర క్షమాపణ అడగాలని కూర్చున్నాను గాని నోరు రాలేదు. అడగను కూడా.

నిన్న కూడికలో లేచి నిలబడి చెప్పాను. నాది కాని మాట మీ అందరి ముందూ పెట్టాను, దానివల్ల ఒక మనిషి నిలువనీడ పోయింది అన్నాను. వేలి సంగతి చెప్పాను. సగం మంది నమ్మలేదు. కార్యదర్శి మొదటిసారి ఏడవకుండా నావైపు అలా చూస్తూ కూర్చుంది. ఇక నా మంగళవారం క్యారియరు మాత్రం ఆగినట్టే. పాస్టరుగారు తొందరపడొద్దమ్మా అన్నారు. మీ బావ ఈ ఆదివారం నుంచి క్వాయర్లో నిలబడనని చెప్పొచ్చాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పమన్నాను, వినలేదు, ఉన్న కారణమే చెప్పాడు.

చిట్టీ, ఆవిడ ఎక్కడుందో నీకు తెలిసినా నాకు రాయకు. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది. ఆయన ఓడరేవు నుంచి తిరిగొచ్చి నన్ను నిలదీస్తే, తెలియదని నిజంగానే చెప్పగలగాలి. ప్రాణాలతో ఉందా, తలదాచుకోవడానికి చోటుందా అని మాత్రం ప్రతి పూటా అనుకుంటున్నాను. ఆ ఒక్క ముక్క కూడా రాయకూడదనుకుంటే రాయకు.

అక్క


టైలరు షాపు నుంచి,
శనివారం.

అక్కకు,

పని పక్కన పెట్టి, మిషను ముందే కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొలతలిచ్చిన ఆయన వచ్చి చొక్కా ఏదని అడిగితే, కత్తిరించలేదని చెప్పి పంపేశాను.

మేనేజరమ్మ దగ్గరికి ఐదారుసార్లు తిరిగాను. మొదట గుమ్మంలోనే నిలబెట్టింది. చివరికి, మిషను తెచ్చుకో, నోరు ఇంట్లో పెట్టి రా అంది. పాస్టరుగారు కూడా సంఘంలో గట్టిగా చెప్పారు, షెల్టరు మనుషుల గురించి మనవులు పైకి చెప్పకూడదని. అలా అయితే ఎలా ప్రార్థించాలి అని ఒకాయన అడిగాడు. మనసులో, అన్నారు పాస్టరుగారు. అడిగినాయనకి అది అంతగా నచ్చలేదు. పైకి అనకపోతే ప్రార్థించినట్టుండదట.

పోయిన వారం నుంచి మళ్ళీ కుడుతున్నాం. ఇస్త్రీబల్ల దగ్గర ఇప్పుడు పాస్టరమ్మ నిలబడుతోంది. మొదటిరోజే ఒక చొక్కా కాలరు మాడ్చింది. కోటు తాత నాతో మాట్లాడడం లేదు. నా ముందుకొచ్చి నిలబడి, ఊడిన గుండీ వేలితో చూపిస్తాడు, ఒంటి మీదే కుట్టించుకుని పోతాడు. అది కూడా ఎక్కువే అనుకుంటున్నాను.

షాపు వెనక గది ఖాళీగానే ఉంది. ఆ చిరునామా మీ మాస్టారికి తెలుసు కాబట్టి అది ఇంక ఎవరికీ పనికిరాదు. దారాల పెట్టెలు పెట్టుకున్నాం. సున్నం వేసినందుకు మా ఆయన చేతులు ఇంకా దురద పెడుతున్నాయట, ఎవరికి చెప్పాలో తెలియక నాకు చెబుతున్నాడు.

బావకి నా నమస్కారాలు చెప్పు. క్వాయర్ మానేసినందుకు ప్రత్యేకంగా చెప్పు. నీ మీద కోపం లేదక్కా. ఉండేది, చాలా ఉండేది. నువ్వు ముసుగు లాక్కుని చెప్పావని చదివాక పోయింది.

ఇంక రాయడానికి ఏమీ లేదు. ఉన్నా రాయను. ఇక్కడ అందరూ క్షేమం. అందరూ అంటే అందరూ, అక్కా.

నీ చెల్లెలు